సన్‌రూఫ్ అద్దానికి ఇంట్లో కుట్టుకునే ఎండ తెర

పైకప్పులో అద్దం ఉన్న కార్ల గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే బాధ చెబుతున్నాయి. అద్దంలోంచి ఆకాశం చూసి సంతోషించే నిమిషాల కంటే, దాని కింద కూర్చుని ఉడికిపోయే గంటలే ఎక్కువగా ఉంటున్నాయని పాఠకులు రాస్తున్నారు. అందువల్ల ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా కారు సన్‌రూఫ్‌కు కంపెనీ ఇచ్చిన జారుడు తెర ఉన్నా, అది పలుచని వలగుడ్డ కావడంతో ఎండ నేరుగా లోపలికి దిగుతోంది. మధ్యాహ్నం రెండు గంటలు ఆరుబయట నిలిపితే సీటు మీద చేయి పెట్టలేకపోతున్నాము. నాకు కుట్టుపని వచ్చు. ఇంట్లో మందపాటి నల్లగుడ్డ ఉంది. దానితో తెర కుట్టి అద్దం కింద బిగిస్తే సరిపోతుందా?

జవాబు: నల్లగుడ్డతో కుట్టకండి. అది వెలుతురును పూర్తిగా ఆపుతుంది కనుక కారులో చీకటిగా ఉంటుంది, ఆ చీకటిని చూసి చల్లబడిందని మనం అనుకుంటాము. కానీ వచ్చిన ఎండనంతా ఆ గుడ్డే తాగి, తాను కాగి, కింద కూర్చున్న వారి తలల మీదికి ఆ వేడిని తిరిగి వదులుతుంది.

ఎందుకో చెబుతాను. ఆకాశం తేటగా ఉండి సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నేల మీద ఒక చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. 80 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సన్‌రూఫ్ అద్దం 0.4 చదరపు మీటరు కాబట్టి దాని మీద పడేది 400 వాట్లు. రంగు వేసిన అద్దం అందులో కొంత వెనక్కి పంపి, కొంత తానే పీల్చుకుని, మిగిలినది లోపలికి వదులుతుంది. ఆ మిగిలినది సగమే అనుకున్నా, తలకు జానెడు ఎత్తున 200 వాట్ల హీటరు ఆగకుండా వెలుగుతున్నట్లే లెక్క. పైగా ఈ అద్దం బల్లపరుపుగా ఉంటుంది. సూర్యుడు నేలకు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాని మీద పడే ఎండ, నడినెత్తి ఎండలో సగానికి మించదు. అందుకే ఉదయం, సాయంత్రం ముందు అద్దం ఎక్కువ బాధ పెడితే, మధ్యాహ్నం ఈ పైఅద్దం బాధ పెడుతుంది.

గాజుకు ఉన్న ఒక గుణం దీనికి తోడవుతుంది. సూర్యుడి నుంచి వచ్చే పొట్టి తరంగాలను అది చాలావరకు లోపలికి రానిస్తుంది. ఆ వెలుగు సీటు మీదనో, నల్లగుడ్డ మీదనో పడి వేడిగా మారాక, 60, 70 డిగ్రీలకు కాగిన ఆ వస్తువు వదిలేవి పొడుగు తరంగాలు. వాటి పొడవు దాదాపు 8 నుంచి 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, వాటికి గాజు గోడలాంటిది. ఒకసారి వేడిగా మారింది మళ్లీ అద్దం గుండా నేరుగా బయటికి పోలేదన్న మాట. కాబట్టి తెర చేయవలసిన పని ఒక్కటే: వెలుగు ఇంకా వెలుగుగా ఉండగానే, వచ్చిన దారిన దానిని వెనక్కి పంపాలి. గుడ్డ మందం ఇందులో పెద్దగా ఉపయోగపడదు, పైకి చూసే ముఖం ఎలా ఉందన్నదే ముఖ్యం.

వెనక్కి పంపడంలో అల్యూమినియాన్ని మించినది ఇంటి వాడకంలో దొరకదు. శుభ్రంగా మెరిసే అల్యూమినియం రేకు తన మీద పడిన ఎండలో సుమారు 90 శాతం తిప్పికొడుతుంది, తాను కాగినా ఆ వేడిని చుట్టుపక్కలకు చాలా తక్కువగా వదులుతుంది. కొండలెక్కేవారు, ప్రమాదాలలో సహాయానికి వెళ్లేవారు దగ్గర ఉంచుకునే పలుచని వెండిరంగు దుప్పటి కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. దానిని 1964లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం తయారు చేశారు. పలుచని పాలియెస్టర్ పొర మీద అల్యూమినియం ఆవిరి పూత పూసి దానిని చేస్తారు.

మీ తెరకు అన్నిటికంటే అనువైనది రెండు వైపులా వెండిరంగు పూత ఉండి, మధ్యలో గాలి బుడగలున్న షీటు. గోదాముల రేకుల కింద, నీటి ట్యాంకుల చుట్టూ చుట్టేది అదే. నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు. అది దొరకకపోతే గట్టి తెల్లని కాన్వాసు వాడవచ్చు, కాన్వాసు మీద వెండి దుప్పటిని పై పొరగా కుట్టుకోవచ్చు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. మెరుపు కంటికి బాగుండదని రెండు గుడ్డల మధ్య రేకు పెట్టి కుడతారు. అప్పుడు ఎండను పైగుడ్డ పీల్చుకుంటుంది, లోపలి రేకు పడి ఉంటుందే తప్ప పని చేయదు. వెండి ముఖానికి ఎదురుగా గాలి, అద్దం తప్ప మరేమీ ఉండకూడదు. కింది ముఖం కూడా వెండిదైతే తెర నుంచి కారులోకి దిగే వేడి ఇంకా తగ్గుతుంది, కనుక నిలిపి ఉంచినప్పుడు మాత్రమే వాడేవారు కింద గుడ్డ వేయకుండా అలాగే వదిలేయవచ్చు.

కొలత సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెర నిలబడటం, పడిపోవడం సగం అక్కడే తేలిపోతుంది. టేపుతో పొడవు, వెడల్పు కొలిచి కత్తిరిస్తే మూలలు కలవవు, ఎందుకంటే ఏ సన్‌రూఫ్ మూలా నిక్కచ్చిగా గుండ్రంగా గాని, మట్టంగా గాని ఉండదు. రెండు మూడు వార్తాపత్రిక కాగితాలను అంటించి పెద్దది చేసుకోండి, జారుడు తెరను పూర్తిగా వెనక్కి నెట్టండి, వెనుక సీటులో వెల్లకిలా పడుకుని కాగితాన్ని అద్దం వైపు ఎత్తి పట్టండి. ఒక చేత్తో మధ్యలో ఆనించి, రెండో చేతి బొటనవేలితో అంచు వెంట నొక్కుతూ పోతే కాగితం మీద మడత గీత పడుతుంది. మూలల దగ్గర తొందరపడకుండా, వేలిని గుండ్రంగా రెండు మూడు సార్లు తిప్పండి. కిందికి దించే ముందే కాగితం మీద మీ వైపు కనబడేలా ‘కింద’ అనీ, ఇంజను వైపు ఉన్న అంచు దగ్గర ‘ముందు’ అనీ రాసుకోవాలి. అలా రాయకపోతే షీటు మీద పెట్టేటప్పుడు కాగితం తిరగబడుతుంది, కుడి మూల ఎడమకు వచ్చేస్తుంది. మంచి షీటును అలా పాడు చేసుకున్నవారు నాకు చాలామంది తెలుసు.

మడత గీత మీద కత్తిరించిన ఆ కాగితాన్ని ముందు ఒక పాత అట్ట మీద పెట్టి అట్ట కోసి, దానిని సన్‌రూఫ్‌లో పెట్టి చూడండి. ఎక్కడ తగులుతోందో, ఎక్కడ సందు పడుతోందో అట్ట మీదే దిద్దుకున్నాక షీటు మీద గీయాలి. నాలుగు తిన్నని అంచుల వెంట అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి, మూలల దగ్గర మాత్రం ఎక్కువ ఉంచవద్దు. తిన్నని అంచులు కాస్త నొక్కుకుని పట్టు ఇస్తాయి. మూలలు నొక్కుకుంటే తెర మొత్తం మడతపడి కిందికి ఊడుతుంది. అద్దం చుట్టూ నల్లని చుక్కల పట్టీ ఉంటుంది, చూడండి. తెర అంచు ఆ పట్టీ మీదికి పూర్తిగా ఎక్కితే, ఎండ దూరే సందు ఎక్కడా మిగలదు.

కుట్టేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. కుట్టు పొడవు నాలుగు మిల్లీమీటర్లకు పెంచండి. దగ్గర దగ్గర కుట్లు పడితే, తపాలా బిళ్లల చుట్టూ ఉండే రంధ్రాల వరసలాగా షీటు ఆ గీత వెంటే చిరుగుతుంది. గుండుసూదులు గుచ్చితే ఆ చిల్లులు శాశ్వతంగా ఉండిపోతాయి, కనుక బట్టలారేసే క్లిప్పులతో పట్టి ఉంచండి. అంచు చుట్టూ ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ పట్టీ వేస్తేనే మూలల దగ్గర ముడతలు లేకుండా తిరుగుతుంది. దారం నూలుది వద్దు, పాలియెస్టర్ దారం ఎండకు ఎక్కువ కాలం ఆగుతుంది.

ప్రశ్న: నేను బుడగల షీటుతో తెర చేసి, అంచులకు వెల్క్రోను జిగురు గన్‌తో అంటించాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం వచ్చి చూస్తే తెర సీటు మీద పడి ఉంది, జిగురు మాత్రం పైకప్పు గుడ్డకు తీగలు తీగలుగా అంటుకుని ఉంది. అయస్కాంతాలు పెట్టమని కొందరు, రబ్బరు కప్పులు పెట్టమని కొందరు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: మీరు చెప్పిన ఆ జిగురు తీగలను నేనూ చూశాను. నా మొదటి తెరకు కూడా జిగురు గన్‌తోనే పట్టీలు అంటించాను, పైకప్పు గుడ్డ నూగు లేవకుండా దానిని వదిలించడానికి ఒక పూట పట్టింది. జిగురు గన్‌లో వాడే కడ్డీలలో చాలా రకాలు 60 నుంచి 80 డిగ్రీల మధ్యలోనే మెత్తబడతాయి. ఎండలో నిలిపిన కారులో అద్దం కింద ఆ వేడి సులువుగా వస్తుంది. వెల్క్రో వెనుక ఉండే అంటుడు పూతదీ అదే గతి. అందుచేత ఈ పనిలో దేనినైనా కుట్టాలి తప్ప అంటించకూడదు అన్నది నేను పెట్టుకున్న నియమం.

రబ్బరు కప్పులు వేడికి మెత్తబడి, లోపలి గాలి వ్యాకోచించి, ఎండ బాగా కాసే వేళకే ఊడిపోతాయి. ఊడకుండా ఉన్నా అద్దం మీద గుండ్రని మరకలు మిగులుస్తాయి. అయస్కాంతాలు ఇంకో రకంగా కుదరవు. కింది నుంచి చూస్తే పైకప్పు గుడ్డకూ ఇనుప రేకుకూ మధ్య స్పాంజి, సన్‌రూఫ్ యంత్రపు చట్రం ఉంటాయి, ఆ దూరానికి చిన్న అయస్కాంతం పట్టు చాలదు. బలమైన నియోడిమియం అయస్కాంతాలలో సాధారణ రకాలకు కూడా 80 డిగ్రీల దగ్గర బలం తగ్గడం మొదలవుతుంది.

దేనినీ దేనికీ తగిలించకుండా, తెర తనంతట తానే బిగుసుకుని నిలిచేలా చేయడం నా అనుభవంలో అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. గుడారాలకు వాడే ఫైబర్‌గ్లాస్ పుల్లలు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంవి రెండు తీసుకోండి. తెర కింది ముఖం మీద, కారు ఎడమ నుంచి కుడికి వెళ్లేలా, నాడా దూర్చడానికి కుట్టినట్లు రెండు గొట్టాలు గుడ్డతో కుట్టండి. ఒకటి ముందు అంచుకు, రెండోది వెనుక అంచుకు అరచేయి వెడల్పు దూరంలో ఉండాలి. పుల్ల పొడవు ఆ చోట అద్దం వెడల్పు కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండాలి. లోపల పెట్టినప్పుడు ఆ పుల్ల విల్లులా పైకి వంగి, రెండు చివరలతో పక్క అంచులను నెట్టి పట్టుకుంటుంది. కారు పైఅద్దం కూడా ఎడమ నుంచి కుడికి కొద్దిగా ఉబ్బెత్తుగానే ఉంటుంది, పుల్ల వంపు దానికి సరిగ్గా కలుస్తుంది, తెర మధ్యలో కిందికి వేలాడదు. పుల్ల చివరలకు రబ్బరు తొడుగులు వేయడం మరచిపోవద్దు, లేకపోతే అవి గొట్టాన్ని చీల్చి, అంచు రబ్బరును కోస్తాయి. ఫైబర్‌గ్లాస్‌ను కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, కోసే చోటును తడిపి కోయండి. ఆ పొడి చర్మంలో గుచ్చుకుంటే రెండు రోజులు దురద పెడుతుంది.

పుల్ల చివర ఆనే చోటును మాత్రం చూసి ఎంచుకోవాలి. జారుడు తెర నడిచే గాడిలోకి గాని, అద్దాన్ని కదిలించే పట్టాల మీదికి గాని అది దూరకూడదు. పూర్తి పొడవు అద్దం ఉన్న కార్లలో మధ్యన అడ్డంగా పట్టీ ఉంటుంది. అక్కడ ఒకే పెద్ద తెర చేయాలని చూడకుండా రెండు తెరలుగా చేసుకోవడమే నయం.

ప్రశ్న: ఇంత కుట్టుపని ఎందుకు? వంటింటి అల్యూమినియం రేకును సబ్బునీళ్లతో అద్దానికి లోపలివైపు నేరుగా అంటించేస్తే పోదా? అలా చేస్తే అద్దం పగులుతుందని మా అన్నయ్య భయపెడుతున్నారు.

జవాబు: మీ అన్నయ్యగారి మాటలో నిజం ఉంది. ముదురు రంగు అద్దం ఎండలో కొంత భాగాన్ని తనలోనే పీల్చుకుంటుంది. రేకును అద్దానికి అంటించినప్పుడు, దాటి వచ్చిన వెలుగు తిరిగి వెళ్తూ అద్దం గుండా రెండోసారి పోతుంది, అద్దం రెండోసారి కాగుతుంది. కాగిన మధ్య భాగానికీ, చట్రం నీడలో చల్లగా ఉన్న అంచుకూ తేడా పెరిగితే గాజులో ఒత్తిడి పుడుతుంది. బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన టెంపర్డ్ గాజు ఈ తేడాను బాగా తట్టుకుంటుంది. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసే లామినేటెడ్ అద్దాలు, ముఖ్యంగా అంచులో ముందే చిన్న పెచ్చు లేచినవి, అంతగా తట్టుకోలేకపోవచ్చు. మీ అద్దం ఏ రకమో దాని మూలలో ఉన్న ముద్ర చూసినా, కారుతో ఇచ్చిన పుస్తకం చూసినా తెలుస్తుంది. ఆ పుస్తకంలో పైఅద్దానికి ఏదీ అంటించవద్దని రాసి ఉంటే ఆ మాటను పాటించండి.

అద్దానికీ తెరకూ మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల గాలి సందు ఉండేలా చూసుకుంటే, కాగిన అద్దం వేడి తెరకు నేరుగా పాకదు, తెర వేడి అద్దానికి అంటదు. తిరిగి వెళ్లే వెలుగు ఎలాగూ అద్దం గుండానే పోతుంది, కానీ తెర అంటుకుని లేకపోవడం వల్ల అద్దం కింది వైపు నుంచి కూడా కొంత చల్లబడగలదు. మీ అద్దం లామినేటెడ్ అయితే ఒక మేలు కూడా ఉంది. మధ్యలోని ఆ ప్లాస్టిక్ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కనుక సీట్ల రంగు వెలిసిపోవడం తగ్గుతుంది. వేడి బాధ మాత్రం అలాగే ఉంటుంది, తెర అవసరం పోదు.

ప్రశ్న: ఎండ లోపలికి వచ్చాక ఆపడం కంటే, బయటే ఆపడం మేలు కదా? పైకప్పు మీద బయటి నుంచి తెల్లగుడ్డ కప్పితే ఎలా ఉంటుంది?

జవాబు: వేడి లెక్కలో చూస్తే బయటి తెరదే పైచేయి, ఎందుకంటే ఎండ అద్దాన్ని కూడా తాకదు. గట్టి తెల్లని గుడ్డకు రెండు వైపులా వెడల్పు చెవులు కుట్టి, వాటిని తలుపుల లోపలికి వేసి తలుపులు మూస్తే గాలికి ఎగరదు, ఎవరూ లాక్కుపోలేరు. అయితే గుడ్డ కప్పే ముందు పైకప్పు దుమ్ము తుడవాలి. గాలికి గుడ్డ అల్లాడుతుంటే దాని కింది ఇసుక రేణువులు రంగు మీద సన్నని గీతలు పెడతాయి. వాన పడితే తలుపు సందులోని గుడ్డ చెవి వత్తిలాగా నీటిని లోపలికి లాగి సీటు మీద కారుస్తుంది. రోజంతా ఒకే చోట ఆగే కారుకు బయటి తెర మంచిది. రోజుకు నాలుగుసార్లు తీసి నడిపే కారుకు లోపలి తెరే నిలుస్తుంది, ఎందుకంటే శ్రమ ఎక్కువైన తెరను వారం తరువాత ఎవరూ వేయరు.

ప్రశ్న: నడిపేటప్పుడు కూడా తెర అలాగే ఉంచవచ్చా?

జవాబు: ఊడి పడే అవకాశం ఏమాత్రం ఉన్నా ఉంచకూడదు. మలుపులో గాని, బ్రేకు వేసినప్పుడు గాని డ్రైవరు ముఖం మీద తెర పడితే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. పుల్లలతో బిగించిన తెరను పెట్టి, గతుకుల దారిలో పక్క సీటులో మరొకరిని కూర్చోబెట్టి నెమ్మదిగా నడిపి చూశాకే నమ్మండి. సన్‌రూఫ్ బటను ఎవరూ నొక్కకుండా చూసుకోండి. నడుపుతూ వాడే తెరకు కింది ముఖం మెరవకూడదు, పైకప్పు రంగులో ఉండే లేత బూడిదరంగు గుడ్డ వేయాలి. తలుపుల పైన, పైకప్పు అంచు వెంట చాలా కార్లలో తెరలా విచ్చుకునే ఎయిర్‌బ్యాగులు మడిచి ఉంటాయి. ఆ అంచుకు క్లిప్పు గాని, కొక్కెం గాని, తాడు గాని తగిలించకండి.

ప్రశ్న: తెర వేశాక నిద్రపోతున్న పాపను పది నిమిషాలు కారులో ఉంచి సామాను తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు. ఎండలో ఆగిన కారులో పది నిమిషాలకే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది. పైతెర ఒక్క అద్దాన్ని మూస్తుంది, ముందు అద్దం, కిటికీలు, రేకు పైకప్పు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. పిల్లల శరీరం పెద్దల కంటే త్వరగా వేడెక్కుతుంది. పాపను ఎత్తుకుని వెళ్లండి. కుక్కపిల్ల విషయంలోనూ ఇదే జవాబు.

ప్రశ్న: తెరను ఎలా శుభ్రం చేయాలి? సన్‌రూఫ్ చుట్టూ దారపు పోగులు, వెండి రజను పడుతున్నాయి. వాటి వల్ల నష్టమా?

జవాబు: వెండి ముఖాన్ని తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. గట్టిగా రుద్దితే పూత పోతుంది, పూత పోయిన చోట తెర పనితనం కూడా పోతుంది. మసకబారిన షీటును మార్చి, పాత పుల్లలను, కాగితపు అచ్చును మళ్లీ వాడుకోండి. మడత పెట్టవద్దు, వెండి ముఖం బయటికి ఉండేలా చుట్టగా చుట్టి సీటు వెనుక పెట్టుకోండి.

పోగుల సంగతి మాత్రం పట్టించుకోవలసినదే. సన్‌రూఫ్ అద్దాన్ని తెరిచి చూస్తే చుట్టూ ఒక కాలువ, దాని మూలల్లో చిన్న రంధ్రాలు కనబడతాయి. అద్దం పక్కల నుంచి దిగే వాననీరు ఆ రంధ్రాల నుంచి, పైకప్పును మోసే స్తంభాల లోపలి గొట్టాల గుండా కారు కిందికి పోతుంది. పోగులు, ఆకులు, దుమ్ము కలిసి వాటిని మూసేస్తే నీరు పైకప్పు గుడ్డలోకి దిగి, అక్కడి నుంచి సీట్ల మీదికి కారుతుంది. తెర అంచులో వేలాడే ప్రతి పోగును కత్తిరించి, చివర్లను అగ్గిపుల్ల సెగకు కాస్త కరిగించండి. పాలియెస్టర్ దారమైతే అలా కరిగి గట్టిపడుతుంది. నెలకోసారి కాలువను మెత్తని గుడ్డతో తుడిచి, ఒక్కో మూలలో చిన్న గ్లాసుతో కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. కారు కింద ఆ వైపున నీళ్లు చుక్కలుగా పడితే దారి తెరిచి ఉన్నట్లే. పడకపోతే తీగతో పొడవకండి, లోపలి గొట్టం జాయింటు ఊడిపోతుంది. మెకానిక్ చేత సన్నని గాలితో ఊదించండి.